గొర్రె చెవి సాక్ష్యం

1980 ఫిబ్రవరిలో నన్ను రెండో గ్రేడు ప్రొబేషన్ అధికారిగా అనంతపురం జిల్లాకు బదిలీ చేశారు. ప్రొబేషన్ అధికారి పోలీసు కాదు, వకీలూ కాదు. జైళ్ల శాఖ కింద పనిచేస్తూ, కోర్టు అడిగినప్పుడు ఒక మనిషి గురించి విచారించి నివేదిక రాసే ఉద్యోగి. నేరం రుజువయ్యాక, శిక్ష వేసే ముందు, మేజిస్ట్రేటు గారికి సబబనిపిస్తే ముద్దాయిని జైలుకు పంపకుండా మంచి నడవడికకు బాండు రాయించుకుని మా పర్యవేక్షణలో వదలవచ్చు. అలా వదలదగిన మనిషా, కాదా అన్నది మా నివేదిక చెప్పాలి. నేరం ఎలా జరిగిందో పోలీసులు రాస్తారు. చేసినవాడు ఎలా ఆలోచిస్తాడో మేము రాయాలి.

నేను ఎస్సెస్సెల్సీతో జైలు ఆఫీసులో గుమాస్తాగా చేరి, ఖైదీల రిజిస్టర్లు రాస్తూ పైకొచ్చినవాణ్ని. మనస్తత్వశాస్త్రం చదువుకుని నేరుగా ఈ ఉద్యోగంలోకి వచ్చిన తోటివాళ్ల దగ్గరున్న మాటలు నా దగ్గర లేవు. నాకు వచ్చిందల్లా కాగితం మీద గళ్లు గీయడం, వాటిని నింపడం. అందుకని సొంతంగా ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాను. "ఎందుకు చేశావు?" అని అడిగినప్పుడు ముద్దాయి చెప్పే మొదటి వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు అందులో రాసేవాణ్ని. తరువాత ఆ వాక్యాలను విడదీస్తే అయిదు గళ్లు సరిపోయాయి. నేను చేయలేదు. అందరూ చేస్తున్నదే చేశాను. వాడు చేసినదానికి చేశాను. గతిలేక చేశాను. తప్పు చేశాను. నేరాలు ఎన్ని రకాలైనా వాటిని చెప్పుకునే దారులు అయిదే కావడం నాకు వింతగా ఉండేది.

మా నివేదిక ఫారంలో "నేరం పట్ల ముద్దాయి వైఖరి" అని ఒక కాలమ్ ఉండేది. అయిదో గడిలో పడినవాళ్లకు అక్కడ "పశ్చాత్తాపం ఉన్నది" అని రాసేవాళ్లం. వాళ్లకు బాండు సులువుగా దొరికేది. నేను వచ్చిన కొత్తలో ఒక సైకిళ్ల దొంగ నా ముందు కూర్చుని ఒకటికి నాలుగుసార్లు తప్పు తప్పని ఏడ్చాడు. అలాగే రాశాను. వదిలారు. మూడు నెలలు తిరగకుండా ఇంకో సైకిలుతో దొరికాడు. ఈసారి నేను జైల్లో అడిగితే, ఆ ఏడుపు కోర్టు వరండాలో వకీలు గుమాస్తా నేర్పిందని దాచకుండా చెప్పాడు. అప్పటి నుంచి అయిదో గడి మీద నాకు నమ్మకం సడలింది. దాని స్థానంలో ఏది పెట్టుకోవాలో మాత్రం తెలియలేదు.

ఆ స్థితిలో, అదే సంవత్సరం ఆగస్టులో, ఓబులేసు ఫైలు వచ్చింది.

ఓబులేసుకు ముప్ఫై ఏళ్లుంటాయి. కొత్తచెరువు నుంచి ఏడు మైళ్లు లోపలికి ఉన్న ఒక పల్లెలో గొర్రెల కాపరి. సొంత గొర్రెలు పద్దెనిమిది. ఆ ఊళ్లోనే రామచంద్రప్ప అనే రైతు దగ్గర ముప్ఫై ఆరు గొర్రెలను పాలికి తీసుకున్నాడు. పాలు అంటే, గొర్రెలు యజమానివి, మేపడం కాపరిది, పుట్టిన పిల్లలు సగం సగం. వానలు ఎగ్గొట్టిన ఏడు ఈ కాపరులు మందలను తోలుకుని పడమటికి, తుంగభద్ర కాలువ కింద వరి కోసిన పొలాలకు, నెలల తరబడి వలస పోతారు. అక్కడి రైతులు ఎరువు కోసం తమ పొలాల్లో మందలు పెట్టించుకుని ధాన్యం కొలుస్తారు. ఎండలు ముదిరాక తిరిగొస్తారు.

దారిలో యజమాని గొర్రె చస్తే ఆ నష్టం యజమానిదే. కానీ అది చచ్చిందో, కాపరి అమ్ముకున్నాడో యాభై మైళ్ల అవతల ఉన్న యజమానికి ఎలా తెలియాలి? దానికి ఆ ప్రాంతంలో ఒక కట్టుబాటు ఉంది. ప్రతి యజమాని తన గొర్రెల కుడిచెవికి తనదైన కోత గుర్తు వేస్తాడు. గొర్రె చస్తే కాపరి ఆ చెవి కోసి, ఉప్పు రాసి ఎండబెట్టి, దారానికి గుచ్చి తెచ్చి యజమాని చేతిలో పెట్టాలి. చెవి ముట్టిందంటే లెక్క తీరిపోయినట్టే. ఇంకో ప్రశ్న ఉండదు.

ఓబులేసు ఆ ఏడాది మే నెలలో తిరిగొచ్చి రామచంద్రప్పకు రెండు చెవులు ఇచ్చాడు. రామచంద్రప్ప తీసుకున్నాడు. జూన్‌లో గొర్రెలకు బొచ్చు కత్తిరించే రోజు వచ్చింది. ఆ రోజు ఊరి గొర్రెలన్నీ ఒకచోట చేరతాయి. కత్తెరవాడు ఓబులేసు సొంత మందలోంచి ఒక గొర్రెను పడేసి, "ఏమప్పా, దీనికి ఒక్క చెవే ఉండాదే?" అన్నాడు. కుక్క కొరికిందని ఓబులేసు చెప్పాడు. కాసేపటికి రెండోది దొరికింది. అక్కడే నిలబడ్డ రామచంద్రప్ప, "ఆ కుక్కకు నా గుర్తు బాగా తెలిసినట్టుండాదే. రెండిటికీ కుడిచెవే కొరికింది" అన్నాడట. జనం నవ్వారు. ఓబులేసు నవ్వలేదు. బతికున్న గొర్రెల చెవులు కోసి, చచ్చాయని చెప్పి, వాటిని తన మందలో కలుపుకున్నాడన్నది అక్కడికక్కడే తేలిపోయింది.

నమ్మి అప్పగించిన సొత్తును సొంతానికి వాడుకున్నందుకు ఐపీసీ 406 కింద కేసు పెట్టారు. కోర్టులో తప్పు ఒప్పుకుంటావా అని అడిగితే, ఓబులేసు "కోసింది ఒప్పుకుంటాండా" అన్నాడు. తప్పు ఒప్పుకుంటావా అని మళ్లీ అడిగితే మళ్లీ అదే జవాబు. మేజిస్ట్రేటు గారు సాక్ష్యం విని నేరం రుజువైనట్టు ప్రకటించి, శిక్ష విషయం ఆపి, మూడు వారాల్లో నివేదిక ఇమ్మని నాకు రాశారు. అప్పటికి ఓబులేసు జామీను మీద ఊళ్లో ఉన్నాడు. ఆరు నెలలు జైలు పడితే, అతనికి అప్పటికి మిగిలిన పన్నెండు గొర్రెలనూ ఎవరూ మేపరు. అతని భార్య లింగమ్మకు చంకలో బిడ్డ. మేత ఎక్కడా లేని ఆ ఏడాది మందను కసాయికి తోలడం తప్ప ఆమెకు వేరే దారి లేదు. మంద పోతే కాపరి మళ్లీ కాపరి కాలేడు. నా నివేదిక మీద ఆధారపడింది అదీ.

కొత్తచెరువులో బస్సు దిగి అద్దె సైకిలు మీద వెళ్లాను. ఓబులేసు ఇంటి ముందు తుమ్మకొమ్మలు నరికి గొర్రెలకు వేస్తున్నాడు. నన్ను చూసి కొడవలి పక్కన పెట్టాడు. లింగమ్మ లోపలి నుంచి గోనెసంచి తెచ్చి బండ మీద పరిచింది. నా ప్రశ్న నేను అడిగాను. అతని మొదటి వాక్యం నా అయిదు గళ్లలో ఎక్కడా పట్టలేదు.

"మూడు రావాల సార్ నాకు. ఒకటి ఇడిసిపెట్టినా."

ఏమిటి మూడు అని అడిగితే నెమ్మదిగా చెప్పాడు. తిరిగొచ్చే దారిలో ఒక చోట నాలుగు రోజులు మంద ఆగిపోవలసి వచ్చింది. అక్కడ ఒకే బావి. ఆ రైతు పూటకు ఇన్ని బానలని కొలిచి నీళ్లు ఇచ్చాడు. యాభై నాలుగు గొర్రెలకు అవి చాలవు. రామచంద్రప్ప గొర్రెలు పరుల సొత్తు కాబట్టి ప్రతి పూటా ముందు వాటికి తాపాడు. మిగిలింది తనవాటికి. నాలుగు రోజుల్లో ఆరు చచ్చాయి. ఆరూ తనవే.

"ఆయనవి ఒక్కటీ చావలే. ఎందుకు చావలే? నావి చచ్చినాయి కాబట్టి. ఆరు చచ్చినాయి కదా, మూడు నావి, మూడు ఆయనవి అనుకోవాల. అయితే ఆయన తెలిసి చంపలే. అందుకని ఒకటి తగ్గించుకుంటి."

మూడూ తీసుకోవలసింది కదా అన్నాను, అతని ఆలోచన ఎక్కడిదాకా పోతుందో చూద్దామని.

"మూడు తీసుకుంటే నాయం. నాలుగు తీసుకుంటే దొంగతనం. రెండైతే ఎవురూ ఏమీ అనేకి లేదు" అన్నాడు.

"ఎవురూ ఏమీ అనలేదు, పోలీసోళ్లు మాత్రం వచ్చినారు" అంది లింగమ్మ బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంటూ.

ఆ సాయంత్రం బస్సులో నేను ఆ లెక్క వేసి చూశాను. ముప్ఫై ఆరుకు పద్దెనిమిది అంటే రెండుకు ఒకటి. ఆరు చావులను ఆ నిష్పత్తిలో పంచితే రామచంద్రప్ప వంతుకు నాలుగు, ఓబులేసు వంతుకు రెండు రావాలి. అంటే సగం సగం అనుకోవడంలోనే ఓబులేసు తనకు తెలియకుండా ఒకటి పోగొట్టుకున్నాడు. ఆపైన ఇంకొకటి వదిలేశాడు. నాలుగు రావలసినవాడు రెండు తీసుకున్నాడు. నేను విచారించిన మనుషుల్లో తనకు రావలసినదానికంటే తక్కువ దొంగిలించినవాణ్ని చూడడం అదే మొదలు.

ఒప్పుకోవాలి, ఆ లెక్క నన్ను పట్టేసింది. మొదట "పశ్చాత్తాపం లేదు, ప్రొబేషన్‌కు తగడు" అని రాయబోయినవాణ్ని, రెండు రోజులు తిరిగేసరికి "ముద్దాయి చర్యలో న్యాయబుద్ధి కనిపిస్తున్నది" అని చిత్తుప్రతి రాశాను. రాసి, తృప్తిగా చదువుకున్నాను కూడా. కానీ ఫిర్యాదుదారుడిని కలవకుండా నివేదిక పంపకూడదన్నది మా పద్ధతి. అంతేకాక, బావి దగ్గర నిజంగా అలాగే జరిగిందని చెప్పేవాళ్లు ఇంకొకరు కావాలి. అందుకని మళ్లీ వెళ్లాను.

రామచంద్రప్ప యాభై ఏళ్ల మనిషి. వేరుశనగ విత్తనానికి వాన కోసం చూసి చూసి విసిగిపోయి ఉన్నాడు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. ఓబులేసు చెప్పిన బావి కథ అతనికి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"నా గొర్రెలకు ముందు తాపమని నేను చెప్పినానా సార్?" అన్నాడు.

చెప్పలేదన్నాను.

"తాపినాడు, మంచిదే. ఈడికొచ్చి అన్నా, ఇట్ల జరిగింది, నావి ఆరు పోయినాయి అని ఒక్క మాట అనుంటే? నేనేం రాతి మనిషినా? రెండు కాదు, మూడిస్తాంటినేమో. ఇయ్యకపోతాంటినేమో. అది నా నోటితో నేను చెప్పాల కదా? నా జవాబు గూడా వాడే చెప్పుకున్నాడే!"

నేను నోటుపుస్తకంలో రాసుకుంటుంటే ఆయన గొంతు తగ్గించాడు.

"రెండు గొర్రెలు పోతే పోయినాయి సార్. దొరికినాయి కూడా. చెవి మీద అబద్ధం పెట్టినాడు చూడండి, అది పోలే. మా నాయన కాలం నుంచి చెవి చూస్తే మారుమాట ల్యా. ఇప్పుడు యెవురు చెవి తెచ్చినా, ఇది చచ్చినదాందా, బతికిందాందా అని నా మనసు అడుగుతాంది. పాలికిచ్చిన గొర్రెలన్నీ తోలుకొచ్చేసినా. నాలుగిళ్లకాడివి."

నాలుగిళ్లు అన్న మాట దగ్గర నా పెన్సిలు ఆగింది. నా చిత్తుప్రతిలో ఇద్దరు మనుషులే ఉన్నారు. ఓబులేసు, రామచంద్రప్ప. మిగిలిన మూడిళ్లు ఓబులేసు లెక్కలో లేవు. నా లెక్కలోనూ లేవు. నిష్పత్తి సరిచూసినవాణ్ని, ఎంతమంది మధ్య పంచాలో అడగడం మరచిపోయాను.

ఆ మూడిళ్లలో ఒకటి అక్కులమ్మది. అరవై దాటిన విధవరాలు, నలభై ఏళ్లుగా గొర్రెలతో వలస పోతున్న మనిషి. ఆ ఏడాది ఓబులేసుతో పాటు అదే దారిలో నడిచింది. బావి దగ్గర జరిగింది నిజమేనా అని ఆమెను అడగడానికి వెళ్తే ఇంట్లో లేదు. ఓబులేసు ఇంటి దగ్గర ఆగాను. పది నిమిషాలకు ఆమే తలమీద కంపమోపుతో ఆ దారినే వచ్చింది. ఇరుపక్షాలను ఎదురెదురుగా కూర్చోబెట్టి విచారించకూడదని మాకు నియమం. నేను కూర్చోబెట్టలేదు. ఆమె తనంతట తానే ఆగింది.

"ఏమప్పా ఓబులేసూ, సారుకు లెక్క చెప్తాండావా?" అంది మోపు దించకుండానే. "నా పాలికుండిన పదకొండు యాడికి పోయినాయో ఆ లెక్క గూడా చెప్పు."

"నీవి నేను తీసుకోలేదు కదత్తా" అన్నాడు ఓబులేసు.

"నువ్వు తీసుకోలే. నువ్వు కోసిన చెవులు తోలుకుపోయినాయి." అప్పుడు మోపు దించింది. నా వైపు తిరిగి, "బావికాడ వీడు చెప్పింది నిజమే సార్. వానివి సస్తాంటే కూడా ఆయనవాటికే తాపినాడు. పిచ్చినాయాలా, సగం సగం తాపురా అంటి. ఇనలే" అని, మళ్లీ అతని వైపు తిరిగింది. "నలభై ఏండ్లు దారానికి గుచ్చి తెస్తి చెవులు. మొన్న రామచంద్రప్ప నన్ను నిలబెట్టి అడిగినాడు, అక్కులమ్మా, నువ్వు తెచ్చినవన్నీ చచ్చినవాటియేనా అని. నన్ను! నలభై ఏండ్లకీ కలిపి ఒక్కసారే అడిగినాడు."

"నిన్ను అడిగినాడా?" అన్నాడు ఓబులేసు.

"నిన్ను అడుగుతాడా మరి? నీవి తెలిసిపోయినాయి కదా. తెలియనిది నాదే."

ఆమె మోపు ఎత్తుకోబోతే లింగమ్మ వెళ్లి చెయ్యి వేసింది. ఆమె వెళ్లిపోయాక ఓబులేసు కొడవలి తీసుకుని ఇంకో తుమ్మకొమ్మ నరికి గొర్రెలకు వేశాడు. నేను ఏమీ అడగలేదు. విచారణలో ముద్దాయి మౌనంగా ఉన్నప్పుడు మనం మాట అందిస్తే, తరువాత వచ్చేది మన మాటే అవుతుంది. గొర్రెలు తుమ్మాకు నములుతున్న చప్పుడు వినిపిస్తోంది. చివరకు అతను ఒక్క వాక్యం అన్నాడు.

"ఇది నేను లెక్కలో ఏసుకోలే సార్."

ఎందుకు వేసుకోలేదని అడిగాను. "ఆయనకు, నాకు మధ్యలో అనుకుంటి. ఇంకెవురూ కండ్లబడలే" అన్నాడు. తప్పు చేశానని అప్పుడూ అనలేదు. రెండు గొర్రెల విషయంలో తనది న్యాయమేనని ఆ రోజు కూడా అతని నమ్మకం. కానీ మరుసటి రోజు పొద్దున, నేను చెప్పకుండానే, రామచంద్రప్ప ఇంటి ముందు నిలబడి, తను తెచ్చిన రెండు చెవులే అబద్ధమని, అక్కులమ్మవీ మిగిలిన రెండిళ్లవాళ్లవీ ఏనాడూ అబద్ధం కావని, కావాలంటే దారిలో తనతో నడిచినవాళ్లందరినీ అడగమని పదిమంది వింటుండగా చెప్పాడు. ఈ సంగతి నాకు రామచంద్రప్పే చెప్పాడు. "వాని మాట మీద వేరేవాళ్లను నమ్మాల్నంట. మంచి సాచ్చి దొరికినాడు నాకు" అని ఎగతాళి చేసినట్టే చెప్పాడు. అయినా నెల తిరక్కముందే అక్కులమ్మకు అయిదు గొర్రెలు తిరిగి పాలికిచ్చాడు. మిగిలిన ఆరు ఇవ్వలేదు. తక్కిన రెండిళ్లకు అసలే ఇవ్వలేదు.

చిత్తుప్రతి చించేసి నివేదిక కొత్తగా రాశాను. "వైఖరి" కాలమ్‌లో పశ్చాత్తాపం ఉందని రాయలేదు, లేదనీ రాయలేదు. అతని వాక్యాలను వరుసగా, తేదీలతో సహా, అతని మాటల్లోనే పెట్టాను. మూడు రావాలన్నది, ఒకటి వదిలేశానన్నది, లెక్కలో వేసుకోలేదన్నది, మరునాడు ఊళ్లో చెప్పినది. చివర నా అభిప్రాయం రెండు ముక్కల్లో రాశాను. ముద్దాయి న్యాయాన్యాయాలు తెలియనివాడు కాడు, కానీ ఎదుటివాణ్ని అడగకుండా తీర్పు తనే చెప్పుకునే అలవాటు అతనికి ఉంది, అది చూపిస్తే చూడగలుగుతున్నాడు. పర్యవేక్షణతో వదలవచ్చు. దాన్ని ముందుగా చదివిన మా పై అధికారి, ఫారంలో ఇంత కథ ఎక్కడిదని కోప్పడ్డారు. కాలమ్‌లో పట్టకపోతే విడి కాగితం జతపరచవచ్చని అదే ఫారం అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న గమనికను చూపించాను. ఆయన సంతకం పెట్టి పంపారు.

సెప్టెంబరులో శిక్ష విచారణ. ఓబులేసు వకీలు వరండాలో అతనికి ఒకే మాట నేర్పాడు: క్షమించండి సామీ, బుద్ధి గడ్డి తిన్నది. మేజిస్ట్రేటు గారు నా నివేదిక ముందు పెట్టుకుని, క్షమాపణ సంగతి ఎత్తలేదు. మళ్లీ అలాంటి కరువు వస్తే, మళ్లీ అదే బావి దగ్గర ఆగితే ఏం చేస్తావని అడిగారు.

నేర్పిన మాట ఆ ప్రశ్నకు అతకదు. ఓబులేసు వకీలు వైపు చూశాడు. వకీలు నేల వైపు చూశాడు.

"పోయేముందే ఆయన్ను అడుక్కోని పోతా సామీ" అన్నాడు ఓబులేసు. "నీళ్లు తక్కవైతే ముందు యెవురివాటికి తాపాలా, చస్తే యెట్లా అని. నలుగురి ముందర అడుక్కోని పోతా."

"ఆయన నా గొర్రెలకే ముందు తాపమంటే?"

"అప్పుడు తోలుకోని పోను."

మేజిస్ట్రేటు గారు కాసేపు నివేదిక తిరగేసి, ఏడాది బాండు మీద, నా పర్యవేక్షణలో వదులుతూ ఉత్తర్వు చెప్పారు. వకీలు బయటికొచ్చి, తన ముప్ఫై ఏళ్ల ప్రాక్టీసులో క్షమాపణ అడగకుండా బయటపడ్డ ముద్దాయి వీడేనని నాతో అన్నాడు. అది మెచ్చుకోలో, ఫిర్యాదో నాకు తెలియలేదు.

ఏడాది పాటు నెలకోసారి వెళ్లి చూశాను. పన్నెండు గొర్రెలు నిలిచాయి. వాటిని అమ్మకుండా ఉండడానికి లింగమ్మ కరువు పనిలో మట్టి మోసింది. రామచంద్రప్ప ఓబులేసుకు మళ్లీ పాలికివ్వలేదు. మోకాళ్ల నొప్పులతో నడవలేకపోతున్న అక్కులమ్మ మాత్రం, తన సొంత గొర్రెలను కూడా అతని మందతో తోలడానికి ఒప్పుకుంది. 1981 ఏప్రిల్‌లో నేను వెళ్లిన రోజు ఆమె వాకిట్లో పెద్ద రభస. అయిదు మైళ్ల అవతల మేపుకు పోయినచోట ఆమె గొర్రె ఒకటి రోగంతో చచ్చింది. ఓబులేసు దాన్ని అలాగే భుజాన వేసుకుని ఎండలో నడిచి తెచ్చి ఆమె గడప ముందు దించాడు.

"వాసన కొడతాంది, తీయరా దీన్ని! చెవి తెస్తే సాలదా, శవాన్నే మోసుకొస్తివే" అని ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని అరుస్తోంది.

"చూసుకున్నావు కదా? ఇంక పూడుస్తా" అన్నాడతను.

ఇంత దూరం మోయాలా అని నేనడిగితే, "నా చెవి నమ్మేకి ఇంగా కొన్నేండ్లు పడతాది సార్. అంతవరకు మోసేదే" అని పార తెచ్చుకోవడానికి వెళ్లాడు.

సెప్టెంబరులో బాండు గడువు ముగిసింది. మళ్లీ నేరం లేదని రాసి ఫైలు మూశాను.

దీని మీద నేను పెద్ద సిద్ధాంతం కట్టలేను. ముప్ఫై ఆరు గొర్రెలు చేతిలో ఉన్నప్పుడు తప్పు చేసినవాడు, అంత మందను ఎవరూ అప్పగించని ఏడాదిలో తప్పు చేయకపోవడం ఆలోచన మారినందుకో, అవకాశం పోయినందుకో విడదీసి చెప్పే సాధనం నా దగ్గర లేదు. ఒక్క మనిషిని చూసి అందరికీ సూత్రం చెప్పడం లెక్క తెలిసినవాళ్లు చేసే పని కాదు.

నా పనిలో మారింది మాత్రం చెప్పగలను. ఆ తరువాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ "తప్పు తెలిసిందా?" అని ఎవరినీ అడగలేదు. ఆ ప్రశ్నకు జవాబు వరండాలో దొరుకుతుంది. దాని బదులు, ఇందులో ఎవరెవరికి నష్టం జరిగిందో పేర్లతో చెప్పమని అడిగేవాణ్ని. మొదటిసారి చెప్పిన పేర్లు రాసుకుని, రెండు వారాల తరువాత మళ్లీ అడిగేవాణ్ని. కొందరి జాబితాలో ఒకే పేరుండేది, అదీ సొంతపేరు. కొందరికి రెండోసారి పేర్లు పెరిగేవి. పేర్లు పెరిగినవాళ్లంతా బాగుపడలేదు. ఊరందరినీ వరుసగా చెప్పి, బయటికి పోయి వాళ్లనే దోచినవాడూ ఒకడున్నాడు. కానీ పర్యవేక్షణ ఎవరి దగ్గర మొదలుపెట్టాలో, ఎవరిని నెలకు ఒకసారి కాక రెండుసార్లు చూడాలో ఆ జాబితాలు నాకు చెప్పాయి. నా అయిదు గళ్లు అంతమాత్రం కూడా చెప్పలేదు. నేను చూసిన నేరస్తుల్లో న్యాయం గురించి ఆలోచించనివాళ్లు తక్కువ. చాలామంది ఆలోచించారు, చాలా శ్రద్ధగా ఆలోచించారు, అందులో కొందరిని మాత్రమే కలుపుకుని.